వకీలు లేనివారి వకీలు: మాడపాటి హనుమంతరావు పంతులుగారు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు కోరినప్పుడు, ఎవరిని గూర్చి వ్రాయుదునా అని నేను ఎక్కువగా ఆలోచింపలేదు. తెలంగాణమున గ్రంథాలయము అను మాట వినబడినచోట మాడపాటి హనుమంతరావు పంతులుగారి పేరు వినబడకుండ ఉండదు. ఆయనను ఆంధ్రపితామహుడని పిలిచిరి. హైదరాబాదు నగరమునకు మేయరుగా, శాసనమండలికి అధ్యక్షుడుగా ఉండినవారని పాఠకులలో పెద్దలు ఎరుగుదురు. ఆ పదవులను గూర్చి చెప్పినవారు చాలమంది కలరు. నేను చెప్పదలచినది ఆయన జీవితములోని మరియొక భాగము. పంతులుగారు వృత్తిచేత వకీలు. ఆ వకీలు, వకీలును పెట్టుకొనలేని వారి కొరకు ఏమి చేసెనన్నదే ఈ వ్యాసమునకు విషయము.

ఇది నా మనస్సునకు తట్టుటకు ఒక చిన్న కారణము కలదు. కొంతకాలము క్రిందట ఒక సాయంకాలము మన పఠనమందిరమునకు ఒక వృద్ధ రైతు వచ్చెను. ఆయన మన సభ్యుడు కాడు, చదువు రాదు. తలగుడ్డ మడతలో నుండి ఒక కాగితము తీసి, ఇందులో ఏమున్నదో చదివి చెప్పుమని అడిగెను. అది ఇంగ్లీషున నున్న కోర్టు సమను. పొలము గట్టు తగవులో పొరుగువాడు దావా వేసినాడట. వాయిదా ఎప్పుడో చూచితిని. గడచి నాలుగు దినములైనది. ఆయన ఆ కాగితమును పన్ను రసీదు అనుకొని భద్రముగా దాచుకొన్నాడు.

దావా వేయబడినవాడు పిలిచిన దినమున హాజరు కానిచో, న్యాయస్థానము వాది చెప్పినది మాత్రమే విని తీర్పు చెప్పవచ్చును. దానినే ఏకపక్షపు డిక్రీ అందురు. తగిన కారణము చూపి దానిని రద్దు చేయించుకొనుటకు చట్టములో మార్గము కలదు. అంతే కాదు, సివిలు వ్యవహారములో వకీలు లేకుండ ఎవరి మాట వారే న్యాయాధిపతి యెదుట చెప్పుకొనుటకు కూడ హక్కు కలదు. కాని వాయిదా ఎప్పుడో తెలియని వానికి ఆ హక్కు ఎందులకు? వరినారు ఉన్నది, దుక్కి సిద్ధముగా నున్నది. నీరు విడుచు దినము మాత్రము తెలియదు. ఆ ముసలాయన స్థితి అట్లుండెను. నాకు ఆ రాత్రి పంతులుగారు గుర్తునకు వచ్చిరి.

సారపాకవారికి ఈ సంగతి క్రొత్తది కాదు. మన యూరు గోదావరికి ఈవలి గట్టున నైజాము ప్రభుత్వములో, వరంగల్లు జిల్లాలో ఉండెడిది. ఎదుట కనబడు భద్రాచలము ఆంగ్లేయుల పాలనలో ఉండెడిది. 1874లో మధ్యరాష్ట్రములనుండి తీసి దానిని గోదావరి జిల్లాలో కలిపిరి. 1965లో వంతెన తెరవక మునుపు పడవ దాటినచో దొర మారును, చట్టము మారును, కచేరీ భాష మారును. ఇరుగట్లను మారనిది ఒక్కటే: కాగితము చదువలేనివాని కష్టము. 1879లో రంపలో చెలరేగి మన యెదుటి గట్టుననున్న రేకపల్లి ప్రాంతమునకు ప్రాకిన తిరుగుబాటునకు గల కారణములలో కల్లు పన్ను, మన్సబుదారుని దౌర్జన్యము, పోలీసుల బాధ అందరును చెప్పుదురు. వానితోపాటు మరియొకటి ఉన్నది. మైదానపు వర్తకులు కొండవారికి కొంచెము అప్పిచ్చి, కాగితము వ్రాయించుకొని, క్రింది దేశపు కోర్టులలో దావాలు వేసెడివారు. కొండవాడు ఆ కోర్టు మొగము చూచినవాడు కాడు. ఏకపక్షపు డిక్రీ పుట్టును. బంట్రోతులు వచ్చి పశువులను తోలుకొని పోవుదురు. మాట చెప్పుకొనుటకు చోటు దొరకనివారు విల్లు పట్టిరి. ప్రభుత్వమువారి విచారణలోనే ఈ సంగతి బయటపడినది.

ఆ తిరుగుబాటు అణగిన నాలుగైదేండ్లకు, 1885 జనవరి 22వ తేదీన, కృష్ణామండలమున నందిగామ తాలూకాలో హనుమంతరావుగారు జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి వేంకటసుబ్బమ్మగారు. చిన్ననాడే తండ్రి పోయెను. తల్లి బిడ్డలతో పుట్టినింటివారిని ఆశ్రయించుటచే పిల్లవాడు సరిహద్దు దాటి నైజాము రాష్ట్రములోని సూర్యాపేటకు వచ్చెను. ఇదియే ఆయన జీవితమును మలచిన సంగతి అని నా అభిప్రాయము. కృష్ణామండలమున తెలుగు చదువుకొన్న పిల్లవాడు ఇచ్చట బడిలో ఉర్దూతో తలపడవలసి వచ్చెను. చాలమంది ఆ భాషను జీవనోపాధికై నేర్చుకొని ఊరకుండిరి. ఈయన దానిని సొంతము చేసికొనెను. ఉర్దూ, పారసీకములలో ఆయనకు గల పాండిత్యము మౌల్వీలు సైతము మెచ్చదగినది. ఉర్దూ పత్రికలో వ్యాసములు వ్రాసెను. హిందీ, ఉర్దూల కథలను తెలుగులోనికి తెచ్చెను. మల్లికాగుచ్ఛము అను ఆయన కథల పుస్తకము తెలుగు కథకు తొలినాళ్లలో వచ్చినది.

మెట్రిక్యులేషను ముగించి హనుమకొండలో విద్యాశాఖ కచేరీలో గుమాస్తాగా చేరిరి. 1904లో ఆ యూరిలో రాజరాజనరేంద్ర భాషానిలయము స్థాపింపబడెను. దానికి మూడేండ్లు ముందు, 1901లో, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, నాయని వేంకటరంగారావుగారు మున్నగువారు హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నెలకొల్పియుండిరి. ఆ రెండు నిలయములతోను పంతులుగారికి గాఢమైన సంబంధము ఏర్పడెను. పగలు కచేరీ, సాయంకాలము గ్రంథాలయము. ఎందరో తెలుగు వకీళ్లు, ఉద్యోగులు పరస్పరము ఎరుగుట ఆ పఠనమందిరములలోనే జరిగినది.

1912 ప్రాంతమున ఆయన హైదరాబాదు చేరి, ప్రభుత్వ న్యాయశాఖలో అనువాదకుడుగా పనిచేసిరి. ఈ ఉద్యోగమును చరిత్రకారులు ఒక్క వాక్యములో దాటివేయుదురు. నేను దాటలేను. చట్టము ఎట్లు పుట్టునో, ఎట్లు అచ్చగునో, ఏ మాటకు ఏ అర్థము చెప్పుకొనవలెనో లోపల కూర్చుండి చూచిన తెలుగువారు ఆ కాలమున వ్రేళ్లపై లెక్కింపదగినవారే. 1917లో వకాలతు పరీక్షలో తేరి, ఉద్యోగము వదలి, న్యాయవాదవృత్తిలో ప్రవేశించిరి.

ఆనాటి నైజాము కోర్టును ఇప్పటి యువకులు ఊహించుకొనుట కష్టము. 1880ల దశకమున పారసీకము తొలగి ఉర్దూ రాజభాష అయ్యెను. రాష్ట్రములో ఇంచుమించు సగము జనులు తెలుగు మాట్లాడువారు. కాని దావా ఉర్దూ, జవాబుదావా ఉర్దూ, సమను ఉర్దూ, తీర్పు ఉర్దూ. రైతు తెలుగులో సాక్ష్యము చెప్పును. అది ఉర్దూలో వ్రాయబడును. ఏమి వ్రాసిరో తెలియకయే క్రింద వ్రేలిముద్ర వేయును. ఊరిలో ఆ కాగితము చదువగలవాడు పట్వారి ఒక్కడే. తగవు ఆ పట్వారితోనే వచ్చినచో? అప్పుడు చదివించుకొనుటకు కూడ శత్రువు గుమ్మమే ఎక్కవలెను.

ఇట్టిది మనదేశమునకే పరిమితము కాదని చెప్పుటకు ఒక్క మాట. అమెరికాలో న్యూయార్కు నగరమునకు పొట్టచేత పట్టుకొని వలసవచ్చిన జర్మనులు ఆ దేశపు భాష తెలియక మోసపోవుచుండగా, 1876లో అచ్చటి జర్మనులు ఒక సంఘము పెట్టి, వారికి ఉచితముగా న్యాయసహాయము చేయ నారంభించిరి. వారు పరదేశమున పరాయివారు. మన తెలుగు రైతు తాతముత్తాతల నేలపై నిలుచుండి కోర్టులో పరాయివాడు. ఆ భేదము ఒక్కటే.

ఇక 1921 నవంబరులోని సంగతి. హైదరాబాదు వివేకవర్ధనీ నాటకశాలలో నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరుగుచుండెను. అధ్యక్షులు మహర్షి కర్వేగారు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసములను సభ వినెను. హైకోర్టు వకీలైన అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడ మొదలిడగానే కొందరు ఈలలు వేసి, అల్లరి చేసి, నోరు విప్పనీయరైరి. ఆత్మాభిమానము గల తెలుగువారు లేచి బయటికి వచ్చిరి. ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి యింట కూడి ఆంధ్రజనసంఘమునకు అంకురార్పణ చేసిరి. ఈ కథను మన పాఠకులు చాలసార్లు విని యుందురు. ఇందులో నేను చూచునది ఇది: ఆనాడు నోరు మూయబడినవాడు ఒక వకీలు. కోర్టులో నిత్యము ఉర్దూలో వాదించి గెలువగల మనిషి. తన మాతృభాషలో నాలుగు మాటలు చెప్పబోయి ఓడిపోయెను. అట్టివానికే అట్లయినచో, కచేరీ గడపపై చేతులు కట్టుకొని నిలుచున్న కుమ్మరికి, చాకలికి ఏమి గతి? ఈ ప్రశ్న ఆ వకీళ్లకు ఆ రాత్రి తట్టినదో లేదో గాని, తరువాత వారు చేసిన పనిని చూచినచో తట్టినదనియే తోచును.

సంఘము 1922 ఫిబ్రవరిలో కొండా వేంకటరంగారెడ్డిగారి అధ్యక్షతన సమావేశమై నియమములు ఏర్పరచుకొనెను. పంతులుగారు కార్యదర్శి. రంగారెడ్డిగారు వకీలు, బూర్గుల రామకృష్ణారావుగారు వకీలు. మరియు నితరులు. గ్రంథాలయములు, పాఠశాలలు నెలకొల్పుట, తాళపత్రములు శాసనములు సేకరించుట, తెలుగుభాషకు గౌరవము కలిగించుట వారి ఉద్దేశములు. రాజకీయములు మాకు వద్దనిరి, వద్దనక తప్పదు. ప్రభుత్వము సభలు జరుపుటకు అనుమతి కావలెనని గస్తీలు జారీచేసిన రోజులవి. ప్రైవేటు బడి తెరచుటకును అనుమతి కావలెను. గ్రంథాలయమని బోర్డు కట్టినను పోలీసు అమీను వచ్చి పుస్తకములు తిరగవేసి చూచెడివాడు.

అట్టి స్థితిలో పంతులుగారు కనిపెట్టిన ఉపాయము నాకు ఎంతయు ఆశ్చర్యము కలిగించును. ప్రభుత్వమును ఎదిరించుట నిషిద్ధము. కాని ప్రభుత్వము స్వయముగా అచ్చువేసిన ఉత్తరువును చదువుట నిషిద్ధము కాదుగదా! నైజాము సర్కారు అప్పుడప్పుడు మంచి గస్తీలనే జారీచేయుచుండెను. వెట్టి చేయింపరాదనియు, పని చేయించినచో కూలి యీయవలెననియు, ఊరికి వచ్చిన అధికారులు సరకులకు ధర చెల్లింపవలెననియు ఉత్తరువులు ఉండెను. అవి ఉర్దూలో జరీదాలో అచ్చుపడి, తాలూకా కచేరీ బీరువాలో నిద్రించుచుండెను. ఎవని మేలు కొరకు పుట్టినవో వానికి వాని ఉనికియే తెలియదు. పంతులుగారు అనువాదకుడుగా గడించిన నేర్పును ఇచ్చట వినియోగించిరి. ఆ ఉత్తరువులను వెదకి తీసి, తెలుగు చేసి, సామాన్యులకు అర్థమగునట్లు చిన్న పుస్తకములుగా సంఘము పక్షమున ప్రకటించిరి.

వర్తక స్వాతంత్ర్యము అనునది ఆ పుస్తకములలో ముందుగా చెప్పదగినది. ఊరికి తహసీలుదారు గాని, అమీను గాని దౌరా వచ్చినచో కోమటి తన అంగడినుండి బియ్యము, పప్పు, నేయి వారు చెప్పిన ధరకు ఈయవలసి యుండెను. ఒక్కొక్కప్పుడు ఆ ధరయు లేదు. అట్లు తీసికొనుటకు అధికారులకు హక్కు లేదని ఆ పుస్తకము వర్తకునకు తెలిపెను. చేతివృత్తులవారిపై వేయు మొహతర్ఫా పన్నును గూర్చి ఒక పుస్తకము వచ్చెను. వెట్టిచాకిరిని గూర్చి మరియొకటి. కుమ్మరి కుండలు తేవలెను. చాకలి పడకలు వేసి వంటపాత్రలు తోమవలెను. మాదిగవాడు సామాను మోసి పొరుగూరు చేర్చవలెను. అందులో ఎవరికి కూలి రావలెను, ఎంతవరకు నిరాకరింపవచ్చును అన్నదానికి ప్రభుత్వపు మాటయే సాక్ష్యముగా ఆ పుస్తకములో ఉండెను.

ఆలోచింపుడు. వకీలు సాధారణముగా ఏమి చేయును? చట్టమును తన నోట పెట్టుకొని కక్షిదారు పక్షమున మాటాడును. ఫీజు తీసికొనును, అది వృత్తిధర్మమే, తప్పు కాదు. పంతులుగారు చట్టమును కక్షిదారు చేతిలోనే పెట్టిరి. ఆ చిన్న పుస్తకము రొంటిని దోపుకొన్న కోమటి వకీలు లేకుండనే తహసీలుదారు ఎదుట నిలువగలడు. ప్రతి యూరికిని వకీలు పోలేడు, పుస్తకము పోగలదు. పుస్తకము పోవుటకు గ్రంథాలయము కావలెను. మధిరలోను సూర్యాపేటలోను గ్రంథాలయ మహాసభలు జరిపి, ఊరూర పఠనమందిరములు పెట్టుమని వీరు పట్టుపట్టుటలో ఉన్న అంతరార్థము ఇదియే అని నేను తలంతును. ఆ గ్రంథాలయములు భారతభాగవతములకు మాత్రమే కాదు.

ఫలితము ఎట్లుండెను? వర్తకుల విషయమున త్వరగా కనబడెను. వారు చదువుకొన్నవారు, లెక్కలు వ్రాయువారు, నలుగురు కూడి సంఘముగా ఏర్పడగలవారు. పలుచోట్ల వర్తక సంఘములు వెలసి, ఆంధ్రజనసంఘమునకు అండగా నిలిచినవి. వెట్టివారి విషయమున అట్లు కాలేదు. ఇచ్చట పంతులుగారిని పొగడుటతో నిలిచిపోయినచో నేను పాఠకులకు సత్యము చెప్పినవాడను కాను. కుమ్మరికి పుస్తకము చదువరాదు. ఎవరైన చదివి చెప్పినను, దానిని పట్టుకొని పటేలు ఎదుట నిలుచుటకు గుండె కావలెను. నిలిచినవాడు మరునాడు ఆ పటేలు ఊరిలోనే బ్రదుకవలెను. ఇక సర్కారు గస్తీ సర్కారు నౌకరులనైన కొంత అదుపుచేయును గాని, వందలాది యెకరముల దేశముఖు తన గడీలో చేయించుకొను వెట్టిని ఏ గస్తీ ఆపగలదు? తరువాతి తరమువారు, రావి నారాయణరెడ్డిగారి వంటివారు, అర్జీలతో పని కాదని తలచి వేరుమార్గము పట్టుటకు హేతువు ఇందులోనే ఉన్నది. యువకులు పంతులుగారిని మితవాది అని ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణలో నిజము లేకపోలేదు.

అయినను ఒక సంగతి. వెట్టి తప్పు అని ఊరివారికి ముందు తెలియవలెను, తరువాతనే కోపము. తాతలనాటినుండి వచ్చుచున్న ఆచారమని తలవంచినవానికి, ఇది ఆచారము కాదు, సర్కారే కాదన్నది అని మొదట చెప్పినవారెవరు? 1940ల నాటి సభలలో వెట్టిని గూర్చి గర్జించినవారు 1920ల నాటి ఆ పలుచని పుస్తకములపై నిలుచుండి గర్జించిరి. వారందరును దానిని ఒప్పుకొనిరని నేను అనను.

1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ తొలిసారి జరిగెను. 1931లో దేవరకొండలో బూర్గులవారు అధ్యక్షులు. మూడవ మహాసభ 1934లో మన ఖమ్మములోనే, పులిజాల వేంకటరంగారావుగారి అధ్యక్షతన జరిగినది. నాల్గవది సిరిసిల్లలో, దానికి పంతులుగారే అధ్యక్షత వహించిరి. అనుమతికై అధికారులకు వ్రాయుట, వారు పెట్టిన షరతులను చదివి, ఆ షరతులు అతిక్రమింపకుండ చెప్పవలసినది చెప్పుట, తీర్మానమును ఏ మాటలో కూర్చినచో సభ ఆగకుండునో చూచుట, ఇది యంతయు వకీలు పనియే. ఇరువది మంది ఉపన్యాసకులు చప్పట్లు కొట్టించుకొనిన సభ వెనుక ఒక మనిషి రాత్రులు మేల్కొని అర్జీలు వ్రాసెను.

బాలికల చదువు విషయమున ఆయన చేసినది వేరుగ గ్రంథము వ్రాయదగినది. 1928లో హైదరాబాదులో తెలుగు మాధ్యమముతో ఆంధ్ర బాలికోన్నత పాఠశాల స్థాపించిరి. ఉర్దూ మాధ్యమము కానందున ప్రభుత్వ గుర్తింపు సులభముగా రాలేదు. పూనాలోని కర్వేగారి మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము కల్పించుకొని నడపిరి. 1921లో ఏ సభనుండి తెలుగువారు లేచి వచ్చిరో ఆ సభాధ్యక్షుడు కర్వేగారే కదా! పంతులుగారు పగ నిలుపుకొను మనిషి కారు. ఆ పాఠశాల నారాయణగూడలో ఆయన పేరుతో నిలిచియున్నది. చదువురాని తల్లి కోర్టు కాగితమును పొరుగువారిచే చదివించుకొనును. చదువుకొన్న కూతురు తానే చదువును. వెట్టిచాకిరి పుస్తకము ఎవరు చదువవలెనన్న ప్రశ్నకు ఆయన వెదకిన జవాబు ఇది కావచ్చును.

ఆ తరువాతి జీవితము త్వరగా చెప్పవచ్చును. పోలీసు చర్య తరువాత తెలంగాణా ఆంధ్రోద్యమము అను గ్రంథమును రెండు భాగములుగా వ్రాసిరి. తన కాలపు సంగతులను వ్రాయుచు తన్ను గూర్చి ఇంత తక్కువ చెప్పుకొన్న గ్రంథకర్తను నేను చూడలేదు. ఇతరుల పేర్లు, వారు చేసిన పని, వారిచ్చిన చందాలు మాత్రము వివరముగా కనబడును. 1951లో హైదరాబాదు నగరపాలక సంస్థకు తొలి మేయరుగా ఎన్నికైరి. 1955లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదము నిచ్చెను. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడగా దానికి తొలి అధ్యక్షులై 1964 వరకు ఉండిరి. ఉర్దూ జరీదాలలో చట్టములను తెనిగించిన అనువాదకుడు చివరకు చట్టములు చేయు సభకు అధ్యక్షుడయ్యెను.

ఆయన జీవించియుండగా రాజ్యాంగములో లేనిది ఒకటి తరువాత వచ్చినది. 1976లో చేసిన 42వ సవరణచే 39-ఎ అను అధికరణము చేరెను. ధనము లేదను కారణముచే ఎవరికిని న్యాయము తప్పిపోకుండ ఉచిత న్యాయసహాయము కల్పించుట రాజ్యము పని అని దాని తాత్పర్యము. దానిని అనుసరించి 1987లో న్యాయసేవల అధికార సంస్థల చట్టము చేయబడి, 1995 నవంబరు 9వ తేదీన అమలునకు వచ్చెను. మన మండలములోని వారందరు దీనిని తెలిసికొనియుండుట మంచిది గనుక ఇచ్చటనే చెప్పుచున్నాను. షెడ్యూల్డు కులములవారు, షెడ్యూల్డు తెగలవారు, స్త్రీలు, పిల్లలు, అంగవైకల్యము గలవారు, కార్మికులు, ప్రకృతి ఉపద్రవములపాలైనవారు ఈ సహాయము పొందుటకు అర్హులు. మన కోయ సోదరుడు గాని, ఏ స్త్రీ గాని ఆదాయమెంత అను ప్రశ్న లేకుండనే దీనిని కోరవచ్చును. ఇతరులకు ఆదాయపరిమితి కలదు. ప్రభుత్వమే వకీలు ఫీజు భరించును. తాలూకా, జిల్లా న్యాయస్థానములను అంటి న్యాయసేవల సంఘములు ఉన్నవి. తెల్లకాగితముపై తెలుగులో అర్జీ వ్రాసి యిచ్చినను తీసికొందురు. ఇరుపక్షములు ఒప్పుకొన్న తగవులను లోక్ అదాలత్‌లో తేల్చుకొనవచ్చును. కోర్టులో కట్టిన రుసుమును తిరిగి యిత్తురు. పేదవాడు కోర్టు రుసుము కట్టకుండనే దావా వేయుటకు సివిలు ప్రక్రియాస్మృతిలో పూర్వమునుండియు దారి ఉన్నది.

ఇవి అన్నియు అచ్చుపడియున్నవి. పంతులుగారి కాలములోని గస్తీల వలెనే ఇవియు పుట్టవలసినవారి కొరకే పుట్టి, తెలియవలసినవారికి తెలియకుండ ఉన్నవి. నేను పైన చెప్పిన వృద్ధునకు ఆ సాయంకాలము మన గ్రంథాలయములో ఎవరమును ఈ సంగతి చెప్పలేకపోతిమి. ఎందుకన నాకు కూడ అప్పుడు తెలియదు. ఆ రాత్రి తిరగవేసి, మరునాడు ఒక న్యాయవాదిమిత్రుని అడిగి తెలిసికొంటిని. ఆ మిత్రుడు ఫీజు అడుగక, డిక్రీ కాకమునుపే హాజరగుటకు ఎట్లు మనవి చేసికొనవలెనో తెలుగున ఒక అరపేజీ వ్రాసి యిచ్చెను. ముసలాయన వకీలును పెట్టుకొననన్నాడు. పొలము నాది, మాట నేనే చెప్పుకొందునన్నాడు. ఆ అరపేజీ కాగితముతో పోయి, తాను ఎందుకు రాలేకపోయెనో చెప్పుకొన్నాడు. కోర్టువారు విని, జవాబు దాఖలు చేయుటకు గడువిచ్చిరి. తగవు ఇంకను తేలలేదు. ఆయన ఇప్పుడు ప్రతి వాయిదాకు మునుపు ఒకమారు పఠనమందిరమునకు వచ్చి, కాగితములు చదివించుకొని పోవుచున్నాడు.

హనుమంతరావు పంతులుగారు 1970 నవంబరు 11వ తేదీన, ఎనుబదియైదేండ్లు నిండిన వయస్సున, హైదరాబాదులో స్వర్గస్థులైరి. మన గ్రంథాలయములో ఆయన పటము తూర్పుగోడకు, వార్తాపత్రికల బల్లకు ఎదురుగా ఉన్నది. ఆ బల్ల చివరనే ఆ వృద్ధుడు వచ్చి కూర్చుండును.